వంతు కాపలా

2021 జులై 28న పెరూ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్న రోజు పెద్రో కాస్తీయో నెత్తిన ఓ పెద్ద గడ్డిటోపీ ఉంది. అంచులు వెడల్పు, నడుమ ఎత్తు. దేశానికి ఉత్తరాన, ఆండీస్ కొండల్లో, కహమార్కా ప్రాంతంలోని చోతా రైతులు పెట్టుకునే టోపీ అది. రాజధాని లీమాలో చాలామందికి అది నవ్వులాటయింది. ఆయన మాత్రం తీయలేదు. ప్రచారంలో తన గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడల్లా ఆయన మూడు మాటలు వాడేవాడు: రైతుని, బడిపంతుల్ని, రోందెరోని.

మొదటి రెండూ మనకి తెలిసినవే. మూడో మాట కోసం వెతుక్కుంటూ పోతే దాదాపు యాభయ్యేళ్ళ చరిత్ర తగిలింది. పోలీసులు ఉండీ లేనట్టే ఉన్నచోట పల్లెటూళ్ళవాళ్ళు తమ కాపలా తామే కాసుకోవడం మొదలుపెట్టి, చివరికి ఆ కాపలాని దేశ రాజ్యాంగంలోకి ఎక్కించుకున్న కథ అది. మెచ్చుకుంటూ చదవడం మొదలుపెట్టాను. మధ్యలో భయమేసింది. ఇప్పటికీ ఆ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి.

స్పానిష్‌లో 'రోందా' అంటే చుట్టి రావడం. మనం వాడే 'గస్తీ'కి కూడా పారసీలో మూలార్థం తిరగడమే. రాత్రిపూట ఊరి చుట్టూ తిరిగే బృందం రోందా, అందులో తిరిగేవాడు రోందెరో. రైతుల రోందా కాబట్టి పూర్తిపేరు 'రోందా కంపెసీనా'.

*

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చోతా, దాని పక్కనున్న హువల్‌గయోక్ దొరల రాజ్యాలు. 'అసియెందా'లని పిలిచే పెద్ద పెద్ద ఎస్టేట్లు, వాటిలో తరతరాలుగా కౌలుకీ వెట్టికీ కట్టుబడ్డ రైతులు. దొరకి సొంత మనుషులు, సొంత తుపాకులు. 1920ల్లో ఎలెయోదోరో బెనెల్ అనే భూస్వామి ఇలాంటి సొంత బలగంతో ప్రభుత్వ సేనలతోనే ఏళ్ళ తరబడి పోరాడాడు. 1927లో చనిపోయేదాకా లొంగలేదు. రాయలసీమ పాలెగాళ్ళ కథలూ, ఆ తర్వాతి ఫ్యాక్షన్ కథలూ వింటూ పెరిగినవాళ్ళకి ఈ బెనెల్ ఏమంత కొత్తమనిషి అనిపించడు.

మరి ప్రభుత్వం? 1914లో యౌకాన్ అనే ఎస్టేటులో కౌలు దగ్గర గొడవ వచ్చి రైతులు ఎదురుతిరిగితే సైనికులొచ్చి కాల్చిపోయారు. ఆ కొండల్లో ప్రభుత్వం ముఖం చూపించిందంటే ఎక్కువసార్లు అలాగే. ఈ ఉత్తర కొండల్లోనే పుట్టి పెరిగిన నవలాకారుడు సీరో అలెగ్రియా 1941లో ఒక ప్రసిద్ధ నవల రాశాడు. అందులో ఒక ఊరి ఉమ్మడి భూమిని దొర కోర్టు కాగితాలతో కాజేస్తాడు. ఊరికి అండగా నిలబడేవాళ్ళలో ఫియెరో వాస్కెస్ అనే బందిపోటు ఒకడు. అక్కడి సాహిత్యంలో దొంగకీ చట్టానికీ మధ్య గీత మొదట్నుంచీ పల్చనే.

1969 జూన్ 24న సైనిక పాలకుడు హువాన్ వెలాస్కో అల్వరాదో భూసంస్కరణ చట్టం ప్రకటించాడు. ఎస్టేట్లు పోయాయి. దొర పోయాడు, మంచిదే. కానీ దొరతోపాటు దొర పెట్టిన కాపలా కూడా పోయింది. అంతకుముందు ఎస్టేట్ల పశువులు పోకుండా రాత్రుళ్ళు తిరిగే మనుషుల్ని కూడా 'రోందా' అనే పిలిచేవారు. ఆ ఖాళీలోకి రావలసింది ప్రభుత్వం. రాలేదు. పైగా 1970ల మధ్యకి పెరూ ఆర్థిక వ్యవస్థ కుదేలయింది, ధరలు పెరిగాయి, పశువుల దొంగతనాలు విపరీతమయ్యాయి.

చోతాలో ఎక్కువమందివి చిన్న కమతాలు, ఎకరం రెండెకరాల లెక్కలో మాట్లాడుకునేవి. అలాంటి ఇంట్లో ఎద్దు అంటే దుక్కి, ఆవు అంటే బ్యాంకు. పిల్లాడికి జబ్బుచేసినా, పిల్ల పెళ్ళయినా అమ్మేది దాన్నే. ఒక్క రాత్రి దొడ్డి ఖాళీ అయితే ఆ సంసారం మళ్ళీ తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మరి పోలీసులకి చెప్పొచ్చుగా? చెప్పాలంటే కొండ దిగి పట్నం పోవాలి. స్టాంపు కాగితం కొనాలి, అర్జీ రాసేవాడికి ఇవ్వాలి, లాయరుకి ఇవ్వాలి. పోలీసు కదలడానికి ఒక రేటు, జడ్జి వినడానికి ఒక రేటు. ఇన్నీ అయి ఇంటికి తిరిగొచ్చేసరికి దొంగ డబ్బు కట్టి బయటికొచ్చి ఎదురుపడేవాడు. పోయిన ఆవు ఖరీదుకన్నా కేసు ఖరీదు ఎక్కువ. కంచే చేను మేయడం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ కంచె మేసినందుకు రసీదు కూడా ఇచ్చేది.

ఇంకో ముడి కూడా ఉంది. ఎవరింట్లో ఎన్ని పశువులున్నాయో, ఏ కుక్క అరవదో పొరుగూరి ముఠాలకి ఎలా తెలుస్తుంది? ఊళ్ళోవాడే చెప్పాలి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చోతా రైతులు చేసింది, ఒకరకంగా, ఆ సామెతకి సమాధానం కనుక్కోవడమే.

*

1976 డిసెంబర్ 29. చోతా పట్నానికి దగ్గర్లోని కుయుమల్కా అనే ఊరు. అక్కడి బడిలో దొంగలు పడ్డారు. రెగులో ఒబ్లీతాస్ అనే ఆయన బళ్ళో సమావేశం పెట్టాడు. ఈయన ఆ ఊళ్ళో ప్రభుత్వ ప్రతినిధి, జీతం లేని అట్టడుగు పదవి. పెరూ అధికార నిచ్చెనలో అదే ఆఖరి మెట్టు. ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్న తీర్మానం సారాంశం చాలా మామూలుగా ఉంటుంది: వరస దొంగతనాల వల్ల బడినీ, ఊరినీ కాపాడుకోవడానికి రాత్రి రోందాలు ఏర్పాటు చేసుకుంటున్నాం. విప్లవం అన్న మాట లేదు, స్వపరిపాలన అన్న మాట లేదు. బడి తాళం పగిలింది, అంతే.

అక్కడ్నుంచి అది పాకింది. చోతా నుంచి బంబమార్కాకి, కుతెర్వోకి, తర్వాత పక్క ప్రాంతాలకి. 1983లో ఎల్ నీన్యో వరదలు ఉత్తర తీరాన్ని ముంచెత్తి పియురాలో బతుకులు చితికిపోయి దొంగతనాలు పెరిగినప్పుడు అక్కడి కొండ ఊళ్ళు కూడా రోందాలు పెట్టుకున్నాయి. పదేళ్ళు తిరిగేసరికి ఉత్తర పెరూలో వేల పల్లెల్లో రాత్రిపూట మనుషులు తిరుగుతున్నారు. ఓరిన్ స్టార్న్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఆ రోజుల్లో అక్కడ ఉండి, వాళ్ళతో రాత్రుళ్ళు తిరిగి, 1999లో 'నైట్‌వాచ్' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో దీని గురించి చదవాలనుకునేవాళ్ళకి మొదటి మెట్టు అదే.

ఇంతకీ ఇది పనిచేసే పద్ధతి ఏమిటి? ఊళ్ళో పెద్దవాళ్ళైన మగవాళ్ళందరి పేర్లూ ఒక జాబితా. జాబితాని బృందాలుగా విడగొడతారు. ఒక్కో రాత్రి ఒక్కో బృందం, పదిమంది అటూ ఇటూ. పాంచోలు కప్పుకుని, టార్చిలైటూ, ఈలా, కర్రా, కొరడా పట్టుకుని చీకటి పడ్డాక బయల్దేరి తెల్లారేదాకా తిరుగుతారు. చలికి కోకా ఆకు, కాస్త చెరకు సారా. దారిలో ఎదురైనవాణ్ణి ఆపి ఎక్కడికి, ఎందుకు, ఎవరి పశువు అని అడుగుతారు. వంతు వచ్చినవాడు రావలసిందే. ఎగ్గొడితే శిక్ష. అధ్యక్షుడిదీ అదే వంతు, పంతులుదీ అదే వంతు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో 'ఆన్‌కాల్' అని ఒకటుంటుంది. వారానికొకరు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకోవాలి, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేవాలి. ఆ వంతు తిరుగుతున్నంత కాలం టీమ్‌లో ప్రతివాడికీ సిస్టమ్ ఎక్కడ బలహీనంగా ఉందో తెలుస్తుంది, ఎవడూ మరీ చెత్త కోడ్ రాయడు, ఎందుకంటే రేపు లేవాల్సింది తనే. అదే ఆన్‌కాల్‌ని ఎవరో ఇద్దరి నెత్తిన శాశ్వతంగా పడేస్తే నెల తిరిగేసరికి వాళ్ళు వేరే కులం, మిగతావాళ్ళు వేరే కులం. పోలిక చిన్నదే, కానీ రోందా గురించి చదువుతున్నప్పుడు నాకు మొదట వెలిగిన దీపం ఇది. ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేకపోవచ్చు గానీ, ఆ ఇంటిదొంగకి కూడా వంతు వేస్తే? పది రోజులకోసారి తొమ్మిదిమంది పొరుగువాళ్ళతో కలిసి రాత్రంతా తిరగాల్సినవాడు ముఠాకి కబురు పంపడం కష్టం. కాపలా కాసేవాడూ కాపలా కాయించుకునేవాడూ ఒక్కడే అయిపోయాడు.

ఫలితం వచ్చింది. 1980ల మొదటికల్లా చోతా చుట్టుపక్కల పశువుల దొంగతనాలు దాదాపు ఆగిపోయాయి.

*

దొంగ దొరికాడు. ఇప్పుడేం చెయ్యాలి? మొదట్లో పోలీసులకి అప్పజెప్పారు. వాళ్ళు వదిలేశారు. దాంతో రోందా రెండో అడుగు వేసింది: తీర్పు కూడా మేమే చెప్పుకుంటాం.

ఇక్కడ్నుంచి కథ నాకు మరింత ఆసక్తిగానూ, మరింత ఇబ్బందిగానూ ఉంటుంది. ఊరంతా కూర్చునే సభ, ఒక్కోసారి రాత్రి మొదలై తెల్లారేదాకా. ముందు బల్ల, బల్ల మీద పుస్తకం, ముద్ర, ఇంకుప్యాడ్. ప్రభుత్వ కచేరీల్లో తాము ఎన్నేళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారో ఆ తంతునంతా రైతులు తమ బళ్ళోకి తెచ్చుకున్నారు, లంచం తప్ప. నిందితుడు మాట్లాడతాడు, బాధితుడు మాట్లాడతాడు, ఎవరైనా లేచి అడగొచ్చు. ఒప్పందం పుస్తకంలో రాసి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటారు. దొంగసొత్తు తిరిగివ్వాలి. ఊరిపని చెయ్యాలి. తర్వాత 'రోందా గొలుసు': పట్టుబడ్డవాణ్ణి రోజుకో ఊరి రోందాకి అప్పగిస్తారు, పగలు పని, రాత్రి వాళ్ళతో కలిసి గస్తీ. దొంగని కాపలాదారుని చేయడం. జైలుకెళ్తే ముఠాలో చేరి వస్తాడు, మా దగ్గరైతే పొరుగువాడై వస్తాడు అనేది వాళ్ళ వాదన. కొన్నాళ్ళు పోయాక తర్వాతి సభలో అతనే కూర్చుని ఇంకొకరి గొడవ వింటుంటాడు.

క్రమంగా పశువుల కేసులు తగ్గి ఇతర తగాదాలు వచ్చాయి. గట్టు తగాదా, నీళ్ళ తగాదా, అప్పు, అత్తాకోడళ్ళు, మొగుడు కొట్టాడన్న ఫిర్యాదు. ఈ చివరిదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. పోలీసుస్టేషన్‌లో నవ్వి పంపేసే ఫిర్యాదుని వందమంది ముందు పెట్టి మొగుణ్ణి నిలబెట్టి అడగడం అక్కడి ఆడవాళ్ళకి కొత్త అనుభవం. బంబమార్కా ప్రాంతంలో ఆడవాళ్ళు తమ సొంత రోందా సంఘాలే పెట్టుకున్నారు. అలాగని అది స్త్రీల రాజ్యమేమీ కాదు. జాబితాలో పేర్లు మగవాళ్ళవి, బల్ల వెనక కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళే, కొట్టిన మొగుడికి సభ చెప్పే తీర్పు చాలాసార్లు 'సర్దుకుపొండి' దగ్గరే ఆగేది.

కొరడా కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పడం అబద్ధం. మొదటి రోజుల్లో దొంగ ఒప్పుకునేదాకా కొట్టడం, చన్నీళ్ళలో ముంచడం, రాత్రంతా చలిలో నిలబెట్టడం జరిగేవి. రోందా బలపడి, భయం తగ్గిన ఊళ్ళల్లో హింస తగ్గి మాట పెరిగిందని చూసినవాళ్ళు రాశారు. కానీ కొరడా మాయం కాలేదు. సభలో ఇన్ని దెబ్బలని తీర్మానించి వెయ్యడం ఇప్పటికీ ఉంది. కొరడా దెబ్బలు తిన్నవాడు ఆ ఊళ్ళోనే మళ్ళీ బతకగలుగుతున్నాడు, జైలుకెళ్ళినవాడు బతకలేడు అని వాళ్ళంటారు. నా దగ్గర దానికి చప్పున చెప్పే జవాబు లేదు. అయినా ఒప్పుకోలేను.

ప్రభుత్వం దీన్ని మొదట అనుమానంగా, తర్వాత విధిలేక చూసింది. 1986లో ఒక చట్టం రోందాలని గుర్తించింది. 1993 రాజ్యాంగం 149వ అధికరణంలో, మౌలిక హక్కుల్ని ఉల్లంఘించనంతవరకు ఊరి సముదాయాలు తమ ఆచారం ప్రకారం న్యాయం చెప్పుకోవచ్చని, అందులో రోందాల సాయం తీసుకోవచ్చని రాసింది. 2003లో రోందాల కోసమే వేరే చట్టం వచ్చింది. అప్పటికీ ఒక చిక్కు మిగిలింది: చోతా లాంటి చోట్ల చట్టం దృష్టిలో 'సముదాయం' అన్నదే లేదు, ఉన్నది రోందా ఒక్కటే. మరి సాయం ఎవరికి? 2009లో పెరూ సుప్రీంకోర్టు జడ్జీలంతా కూర్చుని రోందాలకి కూడా ఆ అధికారం వర్తిస్తుందని తేల్చారు. అంతకుముందు దొంగని పట్టుకున్నందుకు 'కిడ్నాప్' కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన రోందెరోలు ఎందరో.

*

పెరూలో రోందా అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. అది దక్షిణానిది, నెత్తుటిది.

1980 మే 17న అయకూచో ప్రాంతంలోని చుస్కీ అనే ఊళ్ళో బ్యాలట్ పెట్టెలు తగలబెట్టడంతో 'షైనింగ్ పాత్' మావోయిస్టుల సాయుధపోరాటం మొదలైంది. 1983 జనవరిలో హువాయ్‌చావో అనే ఊరివాళ్ళు ఏడుగురు గెరిల్లాలని చంపారు. ప్రభుత్వం భేష్ అంది. కొద్దిరోజులకే, జనవరి 26న, ఆ సంగతి తెలుసుకోవడానికి బయల్దేరిన ఎనిమిదిమంది విలేకరుల్ని పక్కనున్న ఉచురక్కాయ్ ఊరివాళ్ళు గెరిల్లాలనుకుని చంపేశారు. విచారణ సంఘానికి నాయకుడు నవలాకారుడు మారియో వర్గాస్ యోసా. ఆ నివేదిక మీద వాదాలు ఇప్పటికీ ఆగలేదు. ఆ తర్వాత ఉచురక్కాయ్‌కి జరిగింది మాత్రం అంతగా చర్చకి రాలేదు. గెరిల్లాల ప్రతీకారంలో, సైన్యం చేతుల్లో, ఇతర రోందాల చేతుల్లో నూటపాతికమందికి పైగా చనిపోయి ఊరే ఖాళీ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 3న, తమ నాయకుణ్ణి చంపారన్న కోపంతో షైనింగ్ పాత్ లుకనమార్కాలో 69మందిని చంపింది. పసిపిల్లలు కూడా ఉన్నారు.

ఈ నేపథ్యంలో సైన్యం దక్షిణాది ఊళ్ళల్లో రోందాలు పెట్టించింది. చాలాచోట్ల బలవంతాన. మా తరఫు కాకపోతే వాళ్ళ తరఫే అనే లెక్క. 1990లో గెలిచిన అల్బెర్తో ఫుజిమోరి 1991లో వీటికి చట్టం చేసి తుపాకులు పంచాడు. ఈ రోందాల వల్ల షైనింగ్ పాత్ పల్లెల్లో వెనక్కి తగ్గిందన్నది నిజం. ఊరు వదిలి పారిపోయినవాళ్ళు తిరిగొచ్చారన్నదీ నిజం. చాలా ఊళ్ళు మొదట బలవంతాన పట్టిన కాపలాని తర్వాత తమదిగా చేసుకున్నాయి కూడా. కానీ తుపాకీ ఎవరిచ్చారో లెక్కా వాళ్ళకే చెప్పాలి కదా. ఉత్తరాన బల్ల ముందు సభ ఉండేది, దక్షిణాన బల్ల ముందు బ్యారక్ ఉండేది. పెరూ సత్యశోధన సంఘం 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ అంచనా 69 వేలకి పైగా. నమోదైన మృతుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువానో మరో స్థానిక భాషో మాతృభాషగా ఉన్నవాళ్ళు.

ఇక్కడ ఒక చిన్న విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. షైనింగ్ పాత్ నాయకుడు అబిమాయెల్ గుజ్మాన్ 1992 సెప్టెంబర్ 12న లీమాలో ఒక ఇంట్లో పట్టుబడ్డాడు. పట్టుకున్నది ఒక చిన్న పోలీసు నిఘా బృందం. ఓపిగ్గా కాపువేసి, చెత్తబుట్టలు వెతికి, మనిషిని కాల్చకుండా పట్టుకున్నారు. అంటే తలచుకుంటే పోలీసు పని చేయగల పోలీసులు ఆ దేశంలో ఉన్నారు. కొండల్లోని రైతు ఆవు కోసం ఎవరూ తలచుకోలేదు, అంతే.

*

ఇది చదువుతుంటే దంతెవాడ గుర్తు రాకపోతే ఆశ్చర్యం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సల్వాజుడుం కూడా 'ప్రజలు తమంతట తాము చేసుకున్న కాపలా' అనే పేరుతోనే వచ్చింది. ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టారు. ఐదో తరగతి చదివితే చాలని ఆదివాసీ కుర్రాళ్ళని ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని నెలకి మూడు వేలిచ్చి తుపాకీ చేతికిచ్చారు. ఆ మంటలు తప్పించుకోవడానికి గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల గుడిసెలు ఇప్పటికీ ఇటువైపు ఉన్నాయి.

దీని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళిన ముగ్గురిలో నందినీ సుందర్, రామచంద్ర గుహలతోపాటు విశాఖలో ఉండే మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ ఒకరు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమంది, తుపాకులు వెనక్కి తీసుకోమంది. ఆ తీర్పు మొదట్లోనే జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ప్రస్తావన ఉంటుంది. సాహిత్యం చదివేవాళ్ళు ఆ తీర్పు ఒకసారి చదవాలి. రాష్ట్ర ప్రభుత్వం ఆ తర్వాత కొత్త చట్టం చేసి ఆ కుర్రాళ్ళనే వేరే పేరుతో బలగంలోకి తీసుకుందనేది కథకి ముగింపు.

అంటే 'ప్రజల కాపలా' అన్న పేరు చూసి మురిసిపోవడానికీ లేదు, బెదిరిపోవడానికీ లేదు. అడగవలసిన ప్రశ్నలు వేరే: వంతు తిరుగుతోందా? ఆయుధం ఎవరిచ్చారు? తప్పుచేస్తే ఎవరి ముందు నిలబడాలి? చోతాలో మొదటిదానికి అవును, రెండోదానికి మేమే, మూడోదానికి మా పక్కింటివాళ్ళ ముందు అన్నవి జవాబులు. దంతెవాడలో మూడూ తిరగబడ్డాయి.

మన దగ్గర పాత కాలంలో కావలి ఉండేది, నిజమే. తలారి, ఆ పైన కావలిగాళ్ళు, ఇంకా పైన పాలెగాడు. ఊరు పంటలో వాటా ఇచ్చేది, దొంగతనం జరిగితే సొత్తు రాబట్టడమో నష్టం కట్టడమో వాళ్ళ బాధ్యత. వినడానికి బాగుంటుంది, కానీ అక్కడ వంతు లేదు. కాపలా కొన్ని కులాల పని అయిపోయింది, వంశపారంపర్యం అయిపోయింది. వాటా ఇవ్వకపోతే కాపలావాడే దొంగ అయ్యేవాడు. ఇంగ్లీషువాళ్ళు ముందు ఆ వ్యవస్థని కొట్టేశారు, 1816లో మన్రో సలహాతో గ్రామ పోలీసుని కొంత నిలబెట్టారు, 1859లో మద్రాసు పోలీసు చట్టంతో యూనిఫాం తెచ్చారు. తర్వాత 'నేరస్థ తెగల' చట్టం వచ్చింది. తమిళదేశంలో తరాలుగా కావలి కాసిన కళ్ళర్లలో ఒక శాఖని ఆ చట్టం కిందే పుట్టుకతో నేరస్థులుగా ముద్రవేశారు. నిన్నటి కాపలావాళ్ళు ఇవాళ వేలిముద్రలు వేసి హాజరు చెప్పాలి. కాపలాని ఒకరి నెత్తిన పెట్టి మిగతావాళ్ళు నిద్రపోతే ఎక్కడికి చేరొచ్చో చెప్పే కథ ఇది.

*

చోతా రోందాలు మంచివా? ఒక్కమాటలో చెప్పలేను. 2011, 2012ల్లో కొంగా బంగారు గని కోసం కొండమీది సరస్సులు పోతాయన్నప్పుడు రోందాలే ఆ సరస్సుల దగ్గర గుడారాలు వేసుకుని చలిలో కాపలా కాశాయి. 2012 జులైలో సెలెందీన్, బంబమార్కాల్లో కాల్పులకి ఐదుగురు చనిపోయారు. గని ఆగింది. పశువు నుంచి నీటి దాకా వచ్చింది కాపలా.

సరిగ్గా పదేళ్ళకి, 2022 జులైలో, రెండు వార్తలు వచ్చాయి. చోతాలోని చదీన్‌లో, అధ్యక్షుడు కాస్తీయో బంధువుల మీద ఆరోపణల గురించి ఆరా తీయడానికి వెళ్ళిన టీవీ విలేకరుల్ని రోందెరోలు నిర్బంధించి, తాము రాసిచ్చిన ప్రకటన కెమెరా ముందు చదివించారు. అదే నెలలో లా లిబెర్తాద్ ప్రాంతంలోని చిల్యా దగ్గర, చేతబడి చేశారని కొందరు ఆడవాళ్ళని రోందా పట్టుకుని హింసించింది. చేతబడి పేరుతో కొట్టిచంపిన వార్తలు మన జిల్లా ఎడిషన్లలో కొత్తేం కాదు కాబట్టి ఈ రెండో వార్త నన్ను బాగా కుదిపింది. ఊరంతా ఒక్కటై కూర్చున్న సభలో ఊరంతటికీ ఒకే భ్రమ ఉంటే ఆ ఆడవాళ్ళ తరఫున లేచేదెవరు? వంతు ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. వంతు కాపలాదారు దొర కాకుండా ఆపుతుంది. ఊరే దొర అయితే ఆపలేదు. అక్కడ ఊరికి బయట ఒక చట్టం, ఒక కోర్టు, డబ్బు తినకుండా వచ్చే ఒక పోలీసు కావాలి. రోందా ఎందుకు పుట్టిందో చెప్పే కారణమూ ఆ పోలీసే, రోందాకి హద్దు చూపించవలసిన మనిషీ ఆ పోలీసే.

కాస్తీయో 2022 డిసెంబర్ 7న కాంగ్రెస్‌ని రద్దుచేస్తున్నానని ప్రకటించి, కొన్ని గంటల్లోనే పదవి పోగొట్టుకుని అరెస్టయ్యాడు. రోందెరోగా మొదలైన మనిషి సభకి జవాబు చెప్పనని సభనే మూసేయబోయాడు. అంతకుముందు ఏడాది ఎన్నికలో ఆయన ఓడించింది దక్షిణాది రోందాలకి తుపాకులు పంచిన ఫుజిమోరి కూతురు కెయికోని. తేడా 44 వేల ఓట్లు. ఆ తుపాకులందుకున్న అయకూచో కూడా భారీ మెజారిటీతో కాస్తీయోకే వేసింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రంతా కూర్చునే ఆయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు. పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఏడు రోజులు. నూట ఇరవై ఫ్లాట్లు. లెక్కేస్తే ఇంటికొకరు చొప్పున నాలుగు నెలలకోసారి వంతు వస్తుంది. పోయిన నెల అసోసియేషన్ మీటింగులో సెక్యూరిటీ గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. ఎన్ని కెమెరాలు, ఏ యాప్, బయటివాళ్ళని ఎలా ఆపాలి. ఆయన్ని లోపలికి పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.